రెండో దర్వాజ

బస్సు దిగేసరికి పొద్దు బారెడు ఎక్కింది. తాళ్లగిరి గుట్టను మంచు ఇంకా వదల్లేదు. గుట్ట నడుము దాకా పాత ఊరి గోడలు కనిపిస్తున్నాయి. ఆ పైన ఉన్న కోట కనిపించడం లేదు. రాయమల్లు తువ్వాల తలకు చుట్టుకుని వెనక్కి చూడకుండా మెట్ల దారి పట్టాడు. అంద్రెయ వస్తున్నాడో లేదో చూడాల్సిన పని లేదు. పదకొండేళ్లుగా బొగ్గుబాయిలోకి జోడీగా దిగుతున్న మనిషి. చీకట్లో కూడా అతని అడుగు ఎక్కడ పడుతుందో రాయమల్లుకు తెలుసు.

ఇద్దరిదీ దుంగల పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెడతారు. కప్పు మంచిదో కాదో కట్టెతో కొట్టి చెవితో తెలుసుకుంటారు. గణగణలాడితే మంచిది. డొల్ల మోగితే ఎప్పుడో అప్పుడు మీద పడుతుంది. అంద్రెయకు ఈ పని నేర్పింది రాయమల్లే.

"ఆదివారం పూట దేవునికి డుమ్మా గొట్టినవ్. పాస్టరు ఊకుంటడా?" అన్నాడు రాయమల్లు.

"రాహేలు పోయింది గదన్నా. నా హాజరు గూడ ఆమెనే ఏయిస్తది" అన్నాడు అంద్రెయ. రాహేలు అతని భార్య.

వేరే రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్లు.

రెండేళ్ల కింద, జనవరి ఇరవై ఆరున, అంద్రెయ వాళ్ల చర్చివాళ్లు ఈ గుట్ట చూడ్డానికి లారీ మాట్లాడుకుని వచ్చారు. గోదావరిఖనిలో రాయమల్లు క్వార్టరుకూ అంద్రెయ క్వార్టరుకూ నడుమ ఒక్కటే గోడ. రాహేలు రాయమల్లు భార్య ఐలవ్వను కూడా పిలిచింది. ఐలవ్వ మొగుణ్ని రమ్మని అడిగింది. పండుగ రోజు బాయి దిగితే రెండు మస్టర్లు, అంటే రెండు రోజుల కూలి, పడతాయి. "గుట్ట యాడికి పోతది? నువ్వు వోయి చూసిరా" అన్నాడు రాయమల్లు. ఆమె కొత్త చీర కట్టుకుని, మక్కగారెలు మూట కట్టుకుని పోయింది.

ఆ రోజు షిఫ్టు దిగి పైకి వచ్చాక మొహం మీది బొగ్గు కడుక్కోకముందే ఎవరో వచ్చి చేయి పట్టుకున్నారు. కోటలో రాయి పడిందన్నారు. పడ్డ వెంటనే ప్రాణం పోయిందన్నారు. బాధపడలేదన్నారు. అంద్రెయ అదే చెప్పాడు. రాహేలు అదే చెప్పింది. లారీలో పోయినవాళ్లంతా ఒక్క మాటే చెప్పారు. ఆ మాట పట్టుకునే రాయమల్లు రెండేళ్లు గడిపాడు. వండుకున్నాడు, తిన్నాడు, డ్యూటీకి పోయాడు. పిల్లలు లేరు. ఇంకో పెండ్లి మాట ఎత్తిన చుట్టాలను గడప తొక్కనియ్యలేదు.

మూడు వారాల కింద అంగట్లో ఒక ముసలామె గోనె పరుచుకుని వేళ్లూ, ఆకులూ అమ్ముతూ కనిపించింది. పేరు సారవ్వ. మోకాళ్ల నొప్పికని రాయమల్లు ఒక వేరు చేతికి తీసుకున్నాడు.

"యాడి వేరు అవ్వా ఇది?"

"తాళ్లగిరిది బిడ్డా. నేనే తవ్వితి."

"అక్కడ ఒక ఆడమనిషి మీద రాయి వడ్డదట గద."

"పడకేంది! బొగ్గుబాయోళ్ల పిల్ల. నీళ్లు నీళ్లని గంటసేపు కొట్టుకున్నది. అంతమంది ఉండి ఒక్కడు దగ్గరికి వోలే. నా కండ్లతోటి జూసిన."

రాయమల్లు వేరు గోనె మీద పెట్టి లేచిపోయాడు.

అంద్రెయను అప్పుడే అడగలేదు. మూడు వారాలు అతనితోనే బాయి దిగాడు, అతనితోనే సద్ది విప్పాడు. నిన్న షిఫ్టు అయ్యాక, "రేపు తాళ్లగిరి వోదాం. నువ్వు చూపియ్యాలె" అన్నాడు.

"ఇప్పుడెందుకన్నా?"

"చూడలే గద. చూస్త."

అంద్రెయ ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే సగం జవాబు. మిగతా సగం కోసం రాయమల్లు వచ్చాడు. ఆమె వెంటనే పోయిందా, గంటసేపు కొట్టుకుందా? కొట్టుకుంటే ఈ మనిషి ఆ గంటసేపు ఏం చేశాడు? అది తేలాలి. తేలాక ఏం చేస్తాడో అతను ఇంకా అనుకోలేదు.

మొదటి దర్వాజ దగ్గర ఒక ముసలాయన మేకలను తోలుకుంటూ ఎదురొచ్చాడు. ఒక కంటికి పువ్వు వేసింది. పేరు ఆగయ్య. ఈ పాడుబడ్డ ఊళ్లో ఇంకా పొయ్యి వెలిగించే నాలుగు ఇళ్లలో అతనిదొకటి. వచ్చిన వాళ్లకు కోట చూపించడం అతని రెండో పని.

"ఖిల్లా చూస్తరా? నేను జూపిస్త. నేను లేకుంట చూస్తే మీకు రాళ్లే కనవడ్తయ్" అన్నాడు. తర్వాత మంచి కన్ను దగ్గరికి తెచ్చి చూసి, "బొగ్గుబాయోళ్లు గద!" అన్నాడు.

"ఎట్ల తెలిసింది?" అన్నాడు రాయమల్లు.

"కండ్లకు కాటిక వెట్టుకున్నట్టు ఉంటది గద మీకు. ఎంత రుద్దినా పోదు. పెండ్లికొడుకులే ఎప్పటికీ."

అంద్రెయ తువ్వాల మొహం మీదికి లాక్కున్నాడు. చలికి లాక్కున్నాడనుకోవచ్చు.

ఊరి నడి వీధి గుండా నడిచారు. వీధికి రెండు వైపులా అంగళ్లు, ఒక్కదానికీ కప్పు లేదు. అరుగులు మాత్రం చెక్కుచెదరలేదు. ఒక అంగడి లోపల సీతాఫలం చెట్టు ఏపుగా పెరిగి ఉంది. ఇది బట్టలవాళ్లదని, ఇది కంచరివాళ్లదని ఆగయ్య కట్టెతో చూపించుకుంటూ పోయాడు. గానుగ రాయి పగిలి పడి ఉంది. గుర్రాలు నీళ్లు తాగిన రాతి తొట్టిలో ఎవరో మిరపకాయలు ఆరబోశారు.

ఐలవ్వ అయితే ప్రతి అరుగు దగ్గరా ఆగేది. వీళ్లంతా యాడికి వోయిన్రు కాకా, ఎందుకు వోయిన్రు అని ముసలాయన ప్రాణం తీసేది. జల్ది నడువమని తను కసిరేవాడు. అది రాయమల్లుకు తెలుసు. చనిపోయింది కదా అని తనను తాను మంచి మొగుడిగా మార్చుకునే అలవాటు అతనికి లేదు.

"ఇంతమంది యాడికి వోయిన్రు?" అని తనే అడిగాడు.

"నీళ్లు వోయినయ్. ఎనుక మనుషులు వోయిన్రు" అన్నాడు ఆగయ్య.

వీధి చివర ఒక ఫిరంగి నేల మీద పడి ఉంది. మూతి దగ్గర పువ్వులా విచ్చుకుంది.

"ఇది ఒక్కసారే పేలింది. పేలుడు పేలుడే మూతి పగిలి మనోళ్లే నలుగురు సచ్చిన్రట. అవతలోళ్లు నవ్వుకుంట వోయిన్రట."

"ఎవరు చెప్పిన్రు?"

"మా తాత. ఆయన గూడ చూడలే."

అక్కడి నుంచి దారి పైకి తిరుగుతుంది. అంద్రెయ ఆగాడు.

"అన్నా, పైన అంత ముండ్ల తొవ్వ. ఎండ గూడ ముదురుతది. ఈడికి చాలు, మర్లిపోదాం."

"ముండ్లెక్కడియి?" అన్నాడు ఆగయ్య. "మొన్ననే ఒక పెండ్లి జట్టు వోయింది. పెండ్లిపిల్ల చెప్పులు లేకుంట ఎక్కింది. నువ్వు మొగోనివి, గంత నాజూకా?"

రాయమల్లు దారి వైపు తిరిగాడు. ఎక్కడం మొదలుపెట్టాడు. వెనక అడుగుల చప్పుడు కాసేపు వినిపించలేదు. తర్వాత వినిపించింది.

రెండో దర్వాజ రెండు బండల నడుమ ఇరుక్కుని ఉంది. లోపల ఇరవై అడుగుల పొడుగున కప్పు, రాతి కమాను. నడుమ ఒక చోట రాయి లేదు, పన్ను ఊడిన చిగురులా నల్లటి బొక్క. దాని కింద మూడు దుంగలు నిలబెట్టి ఉన్నాయి. పైన చెక్క ఆనించి, చీలలు కొట్టి బిగించారు. రాయమల్లుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చీలలు కొట్టిన తీరు అతనిదే. ఖనిలో అట్లా బిగించేవాళ్లు ఇద్దరే.

ఒక దుంగకు మేక కట్టేసి ఉంది.

"ఇది జూడున్రి, ఇది మీవోళ్ల పనే" అన్నాడు ఆగయ్య హుషారుగా. "రాజులు గట్టిన దర్వాజ. ఇన్నొందల ఏండ్ల సంది ఒక్క దుంగ అక్కర వడలే. బొగ్గుబాయోళ్లు వచ్చి మూడు దుంగలు వెట్టి వోయిన్రు. నా మేకకు గుంజలైనయ్."

"ఎందుకు వెట్టిన్రు?" అన్నాడు రాయమల్లు.

"అదొక కత. రావి వేరు తొలిచి ఒక్క రాయి వదులైంది. గా బొక్క కనవడ్తలేదా? అది ఒక ఆడిమనిషి నడుం మీద వడ్డది. నేను గప్పుడు మేకల కాడ ఉంటి. సారవ్వని వేర్లు తవ్వే ముసల్ది ఉన్నది, ఆమె ఉండె ఈడ. పన్నెండు మంది మొగోళ్లు ఈడనే, ఈ గడప అవతలనే నిలవడ్డరు. ఒకడు కట్టె వట్టి కప్పు కొట్టిండట. డొల్ల మోగిందట. ఇగ ఒక్కన్ని లోపలికి వోనియ్యలే. సారవ్వ చెంబుల నీళ్లు వట్టుకవోతే గూడ రెండు చేతులు అడ్డం వెట్టి ఆపిండట. దుంగలు తెచ్చి నిలవెట్టినంకనే పోవాలె అన్నడట. కింది ఊర్లకెల్లి దుంగలు రావాలంటే గంట వట్టదా? దుంగలు వెట్టి లోపలికి వోయేసరికి ఏమున్నది? వోయింది."

రాయమల్లు తల ఎత్తి ఆ బొక్కను చూశాడు.

"నేను అప్పుడే దిగి వచ్చిన. ఏడ్సేటోళ్ల నడుమ నవ్వద్దు గని నవ్వొచ్చింది. నా మేకలు రోజు ఆడనే పండుకుంటయ్. వానొస్తే నేను ఆడనే కూసుంట. దుంగలు వెట్టినంక గూడ వీళ్లు లోపలికి కాలు వెట్టడానికి వనుకుతున్నరు."

"ఆ కట్టె వట్టినోడు ఎట్లుంటడు?"

"నాకేం ఎరుక. ఉన్నది ఒక్క కన్నాయె."

"నేనే" అన్నాడు అంద్రెయ.

దర్వాజ గడపకు అవతల, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. తువ్వాల తీసేశాడు.

"కట్టె వట్టింది నేనే కాకా. ఈయన ఆమె పెనిమిటి."

ఆగయ్య గిరుక్కున తిరిగాడు. పోయి మేక తాడు విప్పబోయాడు. ముడి రాలేదు. అట్లాగే వంగి ఉండిపోయాడు.

రాయమల్లు వెనక్కి తిరిగి అంద్రెయను చూశాడు. మూడు వారాలుగా మనసులో అనుకున్న తిట్లన్నీ ఉన్నాయి. అడిగింది మాత్రం ఒక్కటే.

"అబద్ధం ఎందుకు జెప్పినవ్?"

"రాహేలు చెప్పుమన్నది. నీకు నిద్ర వట్టాలె గద అన్నది."

"నీకు వట్టిందా?"

"లే."

"ఏమన్నది ఐలవ్వ?"

"ఇప్పుడు అదెందుకన్నా..."

"ఏమన్నదో జెప్పు."

అంద్రెయ గడప వైపు చూస్తూ చెప్పాడు. "నీళ్లన్నది. రెండు మూడు సార్లు అన్నది. నేను లోపలికి రాబోతే, 'కప్పు జూసుకోని రా అంద్రెయా' అన్నది. జూసిన. మంచిగ మోగలే. ఆమెకు గూడ ఇనవడ్డది ఆ మోత. ఇగ నన్ను పిలవలే."

ఆ మాట ఐలవ్వది కాదు. రోజూ డ్యూటీకి పోయేటప్పుడు, కల్లు పాకలో, క్వార్టరు ముందర, సద్ది తినేచోట రాయమల్లు అందరికీ చెప్పే మాట. అంద్రెయకు బాయిలో దిగిన మొదటి రోజే చెప్పాడు. 'కప్పు డొల్ల మోగితే దాని కింద నీ తల్లి వడ్డా పోకు. ముందు దుంగ వెట్టు, ఎనుక మనిషిని తియ్యి. లేకుంటే ఒక పీనుగు కాడ రెండయితయ్.' బెల్లంపల్లిలో అట్లా రెండయినప్పుడు రాయమల్లు అక్కడే ఉన్నాడు. తమ్ముణ్ని తీయబోయి అన్న పోయాడు. అప్పటి నుంచి ఆ మాటను అతను దేవుని మాటలా చెప్పాడు. అది అంద్రెయను రెండుసార్లు బతికించింది కూడా.

"డొల్ల మోగదా మరి?" అన్నాడు ఆగయ్య మెల్లగా. ఏదో ఒకటి చెప్పి ఇందులోంచి బయటపడాలని అతని ఆరాటం. "పైన అర్ర ఉన్నది గద."

"ఏం అర్ర?"

"నగారాలు కొట్టే అర్ర. దర్వాజ మీద ఉన్నది. దా, జూపిస్త."

పక్క గోడలో మనిషి పట్టేంత సందు ఉంది. లోపల చీకట్లో పదకొండు మెట్లు. పైన తల వంచుకుని నిలబడాల్సిన గది. ఒక మూల మేక పెంటికలు, ఇంకో మూల ఆగయ్య గొంగడి. నేలంతా బండలు పరిచి ఉంది. రాయమల్లు కాలు ఎత్తి నేల మీద తన్నాడు. మళ్లీ తన్నాడు. బండ కదల్లేదు. అతని కింద దర్వాజ కప్పు ఉంది. అతని చుట్టూ వట్టి గాలి ఉంది. ఆ గాలి మోతనే అంద్రెయ కింది నుంచి విన్నాడు.

బాయిలో కప్పు పైన గది ఉండదు. కొండ ఉంటుంది. డొల్ల మోగిందంటే ఆ కొండ లోపల పగిలిందనే అర్థం. ఇంకో అర్థం వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

కిందికి దిగేసరికి అంద్రెయ బయట మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. లేచాడు.

"అర్ర ఉన్నదా?"

"ఉన్నది."

"గట్టిగున్నదా?"

"నీ క్వార్టరు కంటె గట్టిగున్నది."

అంద్రెయ మళ్లీ కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. ముసలామెను ఆపిన చేతులవే. "నువ్వయితే పోతుంటివా అన్నా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు రాయమల్లు దగ్గర జవాబు ఎప్పుడో తయారుగా ఉంది. సారవ్వ గోనె దగ్గర లేచిన రోజు నుంచే ఉంది. పోతుంటి. నా పెండ్లాం. కొండ మీద పడ్డా పోతుంటి. ఆ జవాబు ఇతని మొహాన కొట్టడానికే ఇంత దూరం తీసుకొచ్చాడు.

ఆగయ్య చేతిలోని కట్టె లాక్కుని రాయమల్లు కమాను కిందికి నడిచాడు. దుంగలు దాటి, బొక్క దాటి, ఐలవ్వ పడి ఉన్న చోటు ఇదే అయ్యుండాలనుకున్న చోట నిలబడ్డాడు. గోడ వారన ఆకులు, మేక పెంటికలు తప్ప ఏమీ లేవు. పైన అర్ర ఉంది. ఇప్పుడే చూసి వచ్చాడు. తన్ని చూశాడు. కట్టె ఎత్తి కప్పు మీద కొట్టాడు.

డొల్ల మోగింది.

ఇరవై రెండేళ్లుగా విన్న మోతే. కట్టె ఇంకా గాలిలో ఉండగానే అతని కాళ్లు వెనక్కి దూకాయి. ఒకటి, రెండు, మూడు. తనకు తెలిసేసరికి గడప అవతల, అంద్రెయ పక్కన నిలబడి ఉన్నాడు. భుజాలు పైకి లేచి ఉన్నాయి, మెడ లోపలికి ముడుచుకుని ఉంది. కట్టె లోపల, ఆమె పడి ఉన్న చోట పడి ఉంది.

ఆగయ్య నవ్వలేదు. ఆ నవ్వకపోవడం నవ్విన దానికంటే పాడుగా ఉంది. మేక మాత్రం ఉన్న చోటనే ఉండి నెమరు వేస్తోంది.

అంద్రెయ తల ఎత్తి చూశాడు. అతని మొహంలో గెలిచిన గుర్తు వెతికాడు రాయమల్లు. ఉంటే కొట్టేవాడు. లేదు. కళ్ల చుట్టూ కాటిక, దాని లోపల నీళ్లు.

"నేను తప్పు జేసిన్నా అన్నా?"

"లే. నేర్పిందే జేసినవ్."

"మరి నన్ను..."

"రేపటి సంది నా జోడి దిగకు. షిఫ్టు సర్దారుకు నేనే జెప్త."

"తప్పు జెయ్యలే అంటివి గదన్నా."

"అంటి."

"సర్దారు అడిగితే ఏమని జెప్తవ్? పదకొండేండ్ల జోడి."

"ఏం జెప్ప. మార్చుమంట. మార్చకుంటే నేనే ఏరే బాయికి వోత. గోలేటి దిక్కు కొత్తది దీస్తున్నరట."

"అన్నా, రెండేండ్ల సంది పక్కనే పండుకుంటున్న. నడుమ ఒక్క గోడ. నువ్వు రాత్రిళ్లు దగ్గితే ఇనవడ్తది నాకు. ఒక్కమాట తిట్టు. లేకుంటే కొట్టు."

"నిన్ను దిడ్తే నా కాళ్లను ఏం జెయ్యాలె?" అన్నాడు రాయమల్లు.

ఆగయ్య గొంతు సవరించుకున్నాడు. "పైన ఇంకా రాణి తానం జేసే బాయి ఉన్నది, ధాన్యం కొట్టు ఉన్నది" అన్నాడు. అనాలని కాదు. ప్రతిసారీ ఇక్కడికి వచ్చాక అనేది అదే కాబట్టి నోటికి వచ్చింది.

"చాలు" అన్నాడు రాయమల్లు.

రాయమల్లు ముందు, అంద్రెయ వెనక దిగారు. మంచు విడిచింది. పైన కోట ఇప్పుడు సాఫుగా కనిపిస్తోంది. రాయమల్లు చూడలేదు. రోడ్డు మీద ఒక గంట బస్సు కోసం నిలబడ్డారు. బస్సు సగం ఖాళీగా వచ్చింది. రాయమల్లు కిటికీ పక్కన కూర్చుని, తువ్వాల విప్పి పక్క సీటు మీద పెట్టాడు. అంద్రెయ ఆ తువ్వాలను చూసి ముందుకు పోయి డ్రైవరు వెనక ఉన్న రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇన్ని సీట్లు ఖాళీగున్నయ్, కూసోవయ్యా" అన్నాడు కండక్టరు.

అంద్రెయ వినబడనట్టు నిలబడ్డాడు. ఖని వచ్చేదాకా అట్లాగే నిలబడ్డాడు. రాయమల్లు కూర్చోమనలేదు.